వదిలి వెళ్లగలిగే ఇల్లు

దసరా వెళ్లిందంటే మా కృష్ణా తీరంలో జనం ఆకాశం వంక చూసే చూపు మారిపోతుంది. టీవీ తెర కింద "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న అక్షరాలు కదలగానే, చేను కోతకొచ్చిన రైతుకీ, వేటకు పోయే మనిషికీ, బియ్యం డబ్బా మూత తీసి చూసుకునే ఇల్లాలికీ ఒకేసారి గుండె గుబేలుమంటుంది. మన తీరానికి తుఫాను గండం ఏటా రెండుసార్లు. నైరుతి రుతుపవనాలు రాకముందు ఏప్రిల్, మే నెలల్లో ఒకటి. అవి వెనక్కి మళ్లాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. మనవాళ్లకు గుర్తుండిపోయినవి ఎక్కువగా ఈ రెండో గండంలోనివే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, మిచాంగ్ 2023 డిసెంబరు 5న. ఇన్ని తారీఖులు కళ్లెదుట ఉన్నా, ఇల్లు సర్దుకోవడం మాత్రం హెచ్చరిక వచ్చిన పూటే మొదలవుతుంది. కిరాణా కొట్టు ముందు కొవ్వొత్తులకు తోపులాట, పెట్రోలు బంకు దగ్గర వరస, పాల ప్యాకెట్టుకు ఎంతడిగితే అంత.

తుఫానుకి సిద్ధపడడం అంటే తలుపులు బిగించుకుని నాలుగు రోజులు లోపల కూర్చోవడానికి సరుకులు పోగేసుకోవడం అని మనలో చాలామంది అనుకుంటారు. మేడల్లో ఉండేవాళ్లకు అది చాలావరకు నిజం. సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్న ఇంటికి మాత్రం అది సగం పనే. మిగిలిన సగం, అదే అసలు కష్టమైన సగం, వేళ వచ్చినప్పుడు ఆ ఇంటిని వదిలి మనసు వెనక్కి లాగకుండా నడిచి వెళ్లగలిగేలా దాన్ని తయారు చేయడం. ఈ రెండో సగం గురించి మనం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోం. మాట్లాడుకోవాలని నా పట్టుదల.

ముందు మన ఇంటికి ఏది ప్రమాదమో తెలుసుకోవాలి. వార్తల్లో గాలి వేగమే ఎక్కువ వినిపిస్తుంది. నిజానికి మన తీరంలో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నది నీరు. 1977లో దివిసీమ మీదికి దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పోయిన ప్రాణాలు పదివేల పైమాటే. ఆ రాత్రి చెట్టు పట్టుకుని బతికినవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. వాళ్లు గాలి గురించి చెప్పేది తక్కువ. నీళ్లు ఎటువైపు నుంచి వచ్చాయో మాత్రం చెయ్యి చాపి చూపిస్తారు. సముద్రం ఎదురుగానే రావాలనేం లేదు. పంటపొలాల నీటిని కడలికి చేర్చే డ్రెయినే ఆ వేళ ఎదురు పారి ఊళ్లోకి వస్తుంది. అందుకే మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరంలో ఉందన్న లెక్క ఒక్కటే చాలదు. డ్రెయినుకి ఎంత దూరం, రోడ్డు కంటే ఎంత పల్లం అన్నవి కూడా చూడాలి.

ఇంకో సంగతి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. మన దగ్గర తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. కాబట్టి తూర్పు తీరంలో తుఫాను దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. "ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుంది" అని రేడియో చెప్పినప్పుడు, ఆ ఊరు మన ఊరు కాదు కదా అని ఉత్తరాన ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకోకూడదు. ఉప్పెన భయం వాళ్లకే ఎక్కువ. పైగా ఆ దాటే చోటు చివరి గంటల్లో అటూ ఇటూ జరగొచ్చు. తుఫాను కన్ను సరిగ్గా మన ఊరి మీదే నడిస్తే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాన తెరిపిస్తుంది. పోయిందనుకుని జనం రోడ్డు మీదికొస్తారు. కన్ను దాటగానే గాలి ఇందాకటికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అప్పటికే వదులైన చెట్టు, పట్టు సడలిన రేకు ఈ రెండో గాలికి లేచిపోతాయి. ఆ ప్రశాంతత చూసి గడప దాటొద్దని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

విశాఖ, కాకినాడ, బందరు లాంటి రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల సంగతి తెలిసిందే. ఒకటితో మొదలై, తీవ్రత పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. పదో నంబరు అన్నారంటే పెను తుఫాను ఆ రేవు మీదే, లేదా దానికి చాలా దగ్గరలో దాటబోతోందని. చాలామందికి తెలియని పదకొండో నంబరు కూడా ఒకటుంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయనీ, ఇక అక్కడి అధికారి తన విచక్షణతో నిర్ణయం తీసుకున్నాడనీ దాని భావం. ఈ ఏర్పాటు నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. మాట అందని స్థితి కూడా వస్తుందని ఊహించి, దానికీ ఒక అంకె కేటాయించిపెట్టారు. ఆ పదకొండో నంబరు ప్రతి ఇంటికీ ఉండాలి. టవర్లు పడిపోయి ఫోను మూగబోతే ఎవరు ఎక్కడికి చేరాలి? కాలేజీ హాస్టల్లో ఉన్న అబ్బాయి ఇంటికి బయల్దేరాలా, ఉన్నచోటే ఉండాలా? అందరూ తమ క్షేమం చెప్పడానికి హైదరాబాదులోనో బెజవాడలోనో ఏ చుట్టానికి ఫోను చేయాలి? ఆ చుట్టం నంబరు ఫోనులోనే కాక, కాగితం మీద కూడా ఉందా? ఇవి భోజనాల దగ్గర పది నిమిషాల్లో తేలిపోయే విషయాలు. తేల్చుకోకపోతే, ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటూ గాలిలోకి వెళతారు.

ఇక వదిలి వెళ్లే సంగతి. ఒకసారి లోతట్టు పేట ఖాళీ చేయిస్తున్న ఊరి కుర్రాళ్లతో నేనూ వెళ్లాను. రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. సన్నటి జల్లు, ఈదురుగాలి. అందరూ ఎక్కారు, ఒక పెద్దావిడ తప్ప. పాక ముందు కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది.

"రా మామ్మా, మళ్లీ చీకటి పడితే నడవలేవు" అన్నాడు మాలో ఒకడు.

"నేను రాను నాయనా. గేదె చూడితో ఉంది. కట్టేసి పోతే నీళ్లొస్తే ఏం గాను? ఇప్పేసి పోతే రేపు ఎక్కడని ఎతుక్కునేది? మీరు పోండి."

ఆవిడకు తుఫాను తెలీక కాదు. అక్కడున్న వాళ్లందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఒకతను ముందుకొచ్చి గేదెను కాలవ కట్ట మీది మెరకకు తోలుకెళ్లి తన పశువుల్లో కలుపుతానని చెప్పాడు. చెప్పడమే కాదు, ఆవిడ చూస్తుండగానే పలుపు విప్పి నడిపించాడు. గేదె మలుపు తిరిగేదాకా చూసి అప్పుడు లోపలికెళ్లింది. బియ్యం కుండలో చెయ్యి పెట్టి పాలిథిన్ కవరు ఒకటి పైకి తీసింది. పాసు పుస్తకం, రేషను కార్డు, పెనిమిటి ఫొటో, రబ్బరు బ్యాండు వేసిన కొద్దిపాటి నోట్లు. బియ్యం దులిపి, కవరు మూతి మళ్లీ మడిచి, రొంటిన దోపుకుని బయటికొచ్చింది. గడియ పెట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతే సేపు. కాగితాలు ఆవిడ ముందే సర్దిపెట్టుకుంది. గేదెకు దారి ఎవరూ చూపించకపోవడమే అసలు అడ్డంకి.

అధికారులూ టీవీ వాళ్లూ ఇలాంటివాళ్లను మొండివాళ్లంటారు. నేను ఒప్పుకోను. ఇల్లు కదలని ప్రతి మనిషి వెనకా ఒక గట్టి కారణం ఉంటుంది. పశువు, మంచం దిగలేని తండ్రి, పచ్చి బాలింత, దొంగల భయం, ఇంటి వెనక దాచిన వల, నలుగురి మధ్య పడుకోవడానికి బిడియపడే ఆడపిల్ల. గాలి మొదలయ్యాక వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు దొరకదు. నెల ముందు ఆలోచిస్తే దాదాపు అన్నిటికీ దొరుకుతుంది. పశువుల్ని ఏ మెరకకు తోలాలో, ఎవరు తోలాలో ముందే అనుకోవచ్చు. చెవికి వేసిన పసుపు ట్యాగు మీది 12 అంకెలు ఫొటో తీసి, కాగితం మీద రాసి పెట్టుకుంటే తప్పిపోయిన పశువును గుర్తుపట్టడానికీ, బీమాకీ ఆధారం ఉంటుంది. తోలే వ్యవధి లేకపోతే పలుపులు విప్పి వదిలేయాలి. కట్టేసిన పశువు నీళ్లలో నిలబడి చచ్చిపోతుంది. విప్పిన పశువు ఈది బతకొచ్చు.

తుఫాను షెల్టరు సంగతీ అంతే. దివిసీమ తర్వాత తీరం వెంట స్తంభాల మీద లేపి కట్టిన భవనాలు వచ్చాయి. 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు నివారణ పథకంలో మరికొన్ని వచ్చాయి. మీ ఊరి షెల్టరును ఎండాకాలంలో వెళ్లి చూశారా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కుళాయి తిప్పితే నీళ్లొస్తాయా? మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ ఉందా? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు రాత్రికి అక్కడికి వస్తారా, ఇంట్లోనే ఉండిపోతారా అన్నది చాలాసార్లు ఆ గడియ తేలుస్తుంది. గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న అది.

కదలడం ఎంత పని చేస్తుందో రెండు తుఫాన్లను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1977 తుఫాను లాంటి ఉగ్ర తుఫానే 1990 మే 9న మళ్లీ మన కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆ మధ్య పదమూడేళ్లలో హెచ్చరికలు మెరుగయ్యాయి, రాడార్లు వచ్చాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. వెయ్యి చిన్న సంఖ్య అని నేననను. కానీ తొమ్మిది వేల పైచిలుకు ప్రాణాల తేడా అది. అదే 1996లో కోనసీమ తుఫాను మళ్లీ వెయ్యి మందికి పైగా బలి తీసుకుంది. వాళ్లలో సముద్రంలో వేటలో ఉన్న మత్స్యకారులు ఎందరో. "పోయినసారీ ఇట్టాగే చెప్పారు, చినుకు కూడా పడలేదు" అనే మాట ఊళ్లలో వింటూనే ఉంటాం. తుఫాను దిశ మార్చుకుంటే, బలహీనపడితే, షెల్టరు నుంచి ఇంటికి తిరిగొచ్చి సంతోషంగా పొయ్యి రాజేసుకోవాలి. ఆ రాత్రి అక్కడ గడపడం వృథా కాదు.

లోతట్టు కాని చోట, గట్టి శ్లాబు ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. వాళ్ల కష్టం తుఫాను వెళ్లిన మర్నాడు మొదలవుతుంది. హుద్‌హుద్ గంటకు 185 కిలోమీటర్ల దాకా గాలితో ఆదివారం మధ్యాహ్నం నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. సాయంత్రానికి గాలి తగ్గింది. కరెంటు రోజుల తరబడి రాలేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు. మోటారు లేకపోతే అయిదో అంతస్తులో చుక్క నీరు లేదు. లిఫ్టు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. బంకుల దగ్గర కిలోమీటర్ల వరసలు. సముద్రం వైపున్న ఫ్లాట్లలో పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పగిలి గాజు పెంకులు మంచాల మీద పడ్డాయి.

ఈ విషయంలో మన ఇళ్లు ముందుకంటే నాజూకయ్యాయనే నా అభిప్రాయం. మా చిన్నప్పటి ఇంట్లో నుయ్యి ఉండేది, చేద ఉండేది. కిరసనాయిలు దీపం, కట్టెల పొయ్యి, కుంపటి, జాడీల్లో ఊరగాయలు, గాదెలో ధాన్యం ఉండేవి. ఆ ఇల్లు గాలికి పడిపోవచ్చు గానీ, నిలబడితే మాత్రం వారం రోజులు బయటి ప్రపంచంతో పని లేకుండా సాగిపోయేది. ఇప్పటి ఇల్లు గాలికి చెక్కు చెదరదు. లోపలి మనిషి మాత్రం రెండో రోజుకే దాహంతో కిందికి దిగాలి. హుద్‌హుద్ నాటికి జేబులో ఇంకా నోట్లు ఉండేవి. ఇప్పుడు కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడే. సిగ్నలు పోయిన రోజున బ్యాంకులో లక్షలున్నా కట్ట కొత్తిమీర కొనలేం. పాత రోజులు తిరిగి రావాలని నేను కోరను. పాత ఇల్లు తనంతట తానే చేసిపెట్టిన పనిని ఇప్పుడు మనం తెలిసి చేయాలంతే. మేడ మీది ట్యాంకు నిండా నీళ్లు పట్టాలి. నిండిన ట్యాంకు గాలికి దొర్లదు కూడా. డ్రమ్ములు, బిందెలు, చివరికి కుక్కర్లు కూడా నింపి పెట్టుకోవాలి. పది, యాభై, వంద నోట్లు కొన్ని విడిగా ఉంచాలి. గ్యాసు అయిపోయినా తినగలిగేవి, అంటే అటుకులు, మరమరాలు, వేరుశనగ పప్పు, బెల్లం, అరటిపళ్లు చూసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు కనీసం రెండు వారాలకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, ఫ్రిజ్ ఆగిపోతే దాన్ని ఎలా కాపాడుకోవాలో డాక్టరును అడిగి ఉంచుకోవాలి. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం మీదే తిత్లీ విరుచుకుపడింది. డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇంట్లో ఏ ఆసుపత్రికి జనరేటరుందో, వంతు ముందుకు జరుపుకోవచ్చేమో సీజను మొదట్లోనే తెలుసుకోవడం ప్రాణంతో సమానం.

పాకలూ రేకుల ఇళ్లూ ఉన్నవాళ్ల పని వేరు. మత్స్యకారుల పేటల్లో తాటాకు కప్పు మీద పాత వల పరిచి, నాలుగు వైపులా తాళ్లు దించి, భూమిలో వాలుగా దిగ్గొట్టిన రాటలకు కడతారు. పీచు తాడు తడిస్తే బిగుసుకుంటుంది, నైలాను తాడు తడిస్తే సాగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రేకుల ఇంటి మీద ఇసుక బస్తాలు ఊరికే పెడితే చాలదు. రేకును వాసానికి పట్టుకున్న బోల్టులు తుప్పు పట్టాయేమో చూసి మార్చాలి. ఊడిన రేకు గాలిలో కత్తిలా ఎగురుతుంది. ఇంటి మీదికి ఒరిగిన కొమ్మలూ, ఎండు మట్టలూ, ముదురు గెలలూ ముందే దింపించాలి. కొబ్బరి ఎక్కే మనిషి ఆఖరి రోజున ఎవరికీ దొరకడు.

వరి సంగతి చెప్పకుండా డెల్టాలో తుఫాను మాట పూర్తి కాదు. నవంబరులో ఇంట్లోని సామాను కంటే పొలంలోని పనలే పెద్ద ఆస్తి. కోసిన చేను తడవకముందే కుప్ప వేసుకోవాలి. కోయని చేను పడిపోయి నీళ్లలో ఉంటే, ముందు నీళ్లు బయటికి తీసి, లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు కంకుల మీద పిచికారీ చేస్తే గింజ మొలకెత్తకుండా ఆగుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నారు. ఆ ఉప్పు బస్తా కూడా తుఫాను సరుకే.

మా చుట్టాలమ్మాయి అమెరికాలో హ్యూస్టన్లో ఉంటుంది. 2017లో హార్వీ తుఫానుకు ఆ నగరం మునిగింది. అట్లాంటిక్ తుఫాన్ల కాలం అక్కడ జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసునంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా జూన్ మొదటివారంలో టార్చిలూ, నీళ్ల డబ్బాలూ సరిచూసుకుంటారట. ఫ్లోరిడా రాష్ట్రంలో బ్యాటరీలూ జనరేటర్లూ వంటి వాటి మీద అమ్మకపు పన్ను మినహాయించిన సందర్భాలున్నాయి. వాళ్ల డబ్బు మనకు లేకపోవచ్చు. వాళ్లకున్న తారీఖు మాత్రం మనం ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు.

మన తారీఖు మన ఇళ్లలోనే ఉంది. నవరాత్రులకు ముందు ప్రతి ఇంట్లో బూజు దులుపుతాం, అటక దించుతాం. తుఫాను సంచి సర్దాల్సిన రోజు అదే. దసరా దాకా కూడా ఆగకూడదు. 2018లో తిత్లీ నవరాత్రుల రెండో రోజునే వచ్చింది. 2014లో హుద్‌హుద్ దసరా వెళ్లిన తొమ్మిదో రోజున వచ్చింది. అటక దించినప్పుడే పాసు పుస్తకం, ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు తడవని కవర్లో చుట్టి ఒక సంచిలో పెట్టాలి. దాంట్లోనే టార్చి, విడి బ్యాటరీలు, చిన్న రేడియో, అగ్గిపెట్టె, మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక జత పొడి బట్టలు ఉంచాలి. ఆయుధ పూజ నాడు గడ్డపారా, గొడ్డలీ, రంపం కడిగి పసుపు కుంకుమ పెడతాం కదా. పెట్టేముందు పదును చూడండి. తుఫాను మర్నాడు రోడ్డుకడ్డంగా పడ్డ చెట్టును ప్రభుత్వ యంత్రం కంటే ముందు కోసేది ఆ రంపమే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. వీధిలో నాలుగిళ్లవాళ్లు కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దవాళ్లున్నారు, ఎవరికి నెలలు నిండుతున్నాయి, ఎవరి కొట్టంలో చూడిగేదె ఉంది. నెలలు నిండినవాళ్లను హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. మిగిలిన ప్రతి పేరు పక్కనా, వాళ్లను తీసుకురావాల్సిన మనిషి పేరు కూడా రాయండి. ఆ మనిషికి ఆ సంగతి ఈరోజే చెప్పండి.